కరవు సీమలో రొక్కపు సాయము

కరవు అనగనే మన కన్నులకు కట్టు చిత్రము ఒకటున్నది. బీటలు వారిన చెరువు, ఎముకలు తేలిన ఎద్దు, మింటివైపు చూచుచున్న రైతు. ఈ చిత్రము అబద్ధము కాదు. కాని అది కరవునకు చివరి ఘట్టము. అంతకు ఐదారు నెలల ముందే ఆ రైతు ఇంటిలో కరవు ప్రవేశించి, చప్పుడు చేయక తన పని తాను చేసికొని పోవుచుండును. ముందుగా కోళ్ళు, మేకలు అమ్ముడుపోవును. పిమ్మట ఇల్లాలి మెడలోని బంగారము కుదువకు పోవును. ఆ తరువాత పాడిగేదె, దాని వెనుక కాడియెద్దులు సంతకు నడచును. ఎద్దులు పోయిన ఇంట మఱుసటియేడు వాన కురిసినను దుక్కి లేదు; ఆ వాన పొరుగువాని చేనికే పనికివచ్చును. ఫోటో తీయువారు వచ్చునప్పటికి ఈ కథ యంతయు ముగిసియుండును.

ఈ మెట్లలో ఏ మెట్టుకడ సాయము అందవలెను? ఏ రూపమున అందవలెను? గింజలా, గంజియా, కూలిపనియా, లేక చేతికి రొక్కమా? ఈ ప్రశ్న మార్కాపురము, గిద్దలూరు సీమకు క్రొత్తది కాదు. నూటయేబది సంవత్సరముల నాడే అది ఈ గడ్డపై విచారణకు వచ్చినది. ఆ విచారణ ఎట్లు సాగినదో, నేటి రైతు బ్యాంకుఖాతాలో పడుచున్న రొక్కమునకు దానితో సంబంధమేమో మేము ఈ ప్రసంగమున చెప్పదలచితిమి.

ముందుగా సీమను గూర్చి నాలుగు మాటలు. పడమట నల్లమల, తూర్పున వెలిగొండలు. నడుమ ఎఱ్ఱనేలలు, రాతినేలలు, అక్కడక్కడ నల్లరేగడి. నైరుతి మేఘములు నల్లమలను దాటి వచ్చునప్పటికి చాలవఱకు బరువు దించుకొనియే వచ్చును. కంది, ఆముదము, సజ్జ, జొన్న, కొఱ్ఱ వంటి మెట్టపైరులే ఇచ్చటి ప్రాచీన జీవనాధారములు. ఇటీవలి తరములలో ప్రత్తి, మిరప వచ్చిచేరినవి. మార్కాపురపు పలక ఒకప్పుడు దేశమందలి బాలుర చేతులలో నుండెను గాని, ఆ గనులు రైతునకు తిండి పెట్టలేదు. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మయే ఈ సీమకు పెద్ద దిక్కు. రెండు కొండల నడుమ ఆ యేటికి అడ్డముగా కట్టిన కంభము చెరువు పదునాఱవ శతాబ్దినాటిది. శ్రీకృష్ణదేవరాయల దేవియగు గజపతుల ఆడుబిడ్డ వరదరాజమ్మ దానిని కట్టించెనని ప్రతీతి. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దానిని ప్రపంచ వారసత్వపు నీటికట్టడములలో చేర్చినది. అంతటి చెరువు ఉండియు దాని క్రింది ఆయకట్టు దాటినచో తక్కిన సీమ యంతయు వానకే కట్టుబడినది.

పరిపాలన విషయమున ఈ సీమ పలు ఇండ్లు మాఱిన బిడ్డ. 1800లో నిజాము కంపెనీవారికి దత్తము చేసిన మండలములలో ఇదియొకటి. కంభము, మార్కాపురము ప్రాంతములు మొదట కడప జిల్లాలోను, 1858 తరువాత కర్నూలు జిల్లాలోను ఉండెను. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు కేంద్రముగా క్రొత్త జిల్లా ఏర్పడినపుడు ఇవి అందు చేరినవి. కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు నెల్లూరు నుండి వచ్చినవి. 1972లో ఆ జిల్లాకు ఆంధ్రకేసరి పేర ప్రకాశమని పేరు పెట్టిరి. పశ్చిమ ప్రకాశము అను వాడుక ఆ తరువాతిది. కనుక పాతకరవుల లెక్కలు వెదకువారు కర్నూలు పేరుతో వెదకవలెను. ఆ జిల్లా మాన్యువలును 1886లో వెలువరించినవారు డిప్యూటీ కలెక్టరు నరహరి గోపాలకృష్ణమ శెట్టిగారు. తెలుగున తొలినవలలలో ఒకటిగా చెప్పబడు శ్రీరంగరాజ చరిత్రము వ్రాసినవారును వారే. కచేరి కాగితములును కథయు ఒకే కలమునుండి వచ్చిన కాలము అది.

1876 ధాత నామ సంవత్సరము. ఆ యేడు రెండు ఋతువుల వానలును తప్పినవి. మఱుసటి ఈశ్వర సంవత్సరమునను వేసవి కడచి చాల దినముల వఱకు నేల తడియలేదు. ధాత కరవని మన పెద్దలు తరతరములుగా చెప్పుకొన్న కరవు ఇదియే. మద్రాసు రాజధానిలో బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు మిక్కిలిగా నష్టపడినవి. కర్నూలు జిల్లాలో 1871 జనాభా లెక్కలలో తొమ్మిది లక్షలకు మించియున్న ప్రజలు, 1881 నాటికి ఏడు లక్షల లోపునకు దిగిరి. నలుగురిలో ఒకరు లేకుండిరి. చచ్చినవారు కొందఱు, దేశము విడిచిన వారు కొందఱు. ఆ లెక్కలో ఎవరు ఎందఱో విడదీసి చెప్పుట కష్టము. ఊరు మాత్రము నాలుగవవంతు ఖాళీ యైనది.

అంతకు పది సంవత్సరములకు ముందు, 1866 కరవులో, నల్లమల కావలివైపున ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డిగారు తమ గాదెలు తెఱచి వేలాది జనమునకు అన్నము పెట్టిరి. విక్టోరియా రాణి వారికి పతకము పంపినదనుట ప్రసిద్ధమే. అది దాత ధర్మము. ఆ ధర్మమునకు మేము చేతులు జోడింతుము. అయినను ఒక దాత గాదె ఎంత పెద్దదైనను అది ఆకలిగొన్నవానికి ఆనాటి అన్నము మాత్రమే. రేపటి విత్తనము దానిలో లేదు.

ధాత కరవులో ప్రభుత్వము ఏమి చేసినది? కరవుపనులు పెట్టినది. రోడ్లు వేయుట, కంకర కొట్టుట, చెరువుకట్టలు ఎత్తుట ఆ పనులు. ఇచ్చట ఒక పెద్ద వాదము బయలుదేఱినది. ఖర్చు తగ్గింపుమని భారతప్రభుత్వము పంపగా వచ్చిన సర్ రిచర్డు టెంపుల్, పగలంతయు కష్టించిన మగవానికి ఒక పౌను గింజలు, దానిపై ఒక అణా చాలునని 1877 ఆరంభమున నిర్ణయించెను. మద్రాసు ఆరోగ్యశాఖాధిపతి డాక్టరు కార్నిష్ ఇది మనుష్యుని నిలుపజాలని కూలియని, ఒకటిన్నర పౌను గింజలును, పప్పు, కూరలును ఉండవలెనని గట్టిగా వాదించెను. శిబిరములలో మరణములు పెరిగిన పిమ్మట ఆ సంవత్సరముననే కూలిని కొంత పెంచిరి. చరిత్రకారులు ఈ వాదమును గింజల తూకముగా చెప్పుదురు. మాకు అందు మఱొక సంగతి తోచును. ఇరుపక్షములవారును పనికి వచ్చిన దేహమును గూర్చియే వాదించిరి. ఆ దేహము వెనుక విడిచి వచ్చిన ఇంటిని గూర్చి ఎవరును వాదింపలేదు.

కరవుపనికి పోవలెనన్నచో రైతు ఇల్లు విడువవలెను. పని కావలసిన వారు దూరమైనను నడచి వత్తురుగదా యని ఆనాటి అధికారుల సిద్ధాంతము. దూరపు పనికి పోవు రైతు, ఉన్న ఒక్క జత ఎద్దులను ఎవరికి అప్పగించును? మేత ఎవరు వేయుదురు? అమ్ముకొని పోవలసినదే. అందఱును ఒకేమాఱు అమ్మబూనినపుడు కొనువాడెవ్వడు? ధాన్యము ధర మింటికెక్కగా పశువు ధర నేలకు దిగును. మంచి కాలమున నెలల తిండికి సరిపోవు ఎద్దు, కరవుకాలమున కొన్ని దినముల తిండికి పోవును. పశువు పోయిన తరువాత పట్టా మాత్రమే మిగిలిన రైతు పేరునకే రైతు.

ఈ సంగతిని కనిపెట్టి, రైతు చేతికి రొక్కము నిచ్చుటకు పూనుకొన్నది ప్రభుత్వము కాదు, ఒక చందానిధి. 1877 ఆగష్టులో మద్రాసు పౌరులు సభచేసి, గవర్నరు బకింగ్‌హాము ప్రభువు అధ్యక్షతన ఇంగ్లండు ప్రజలకు విజ్ఞప్తి పంపిరి. వైస్రాయి లిట్టన్ ప్రభువునకు ఈ విజ్ఞప్తి మొదట రుచింపలేదు. అయినను లండను నగరాధ్యక్షుడు తన మాన్షన్ హౌసు భవనమున నిధిని తెఱచెను. ఇంగ్లండు నుండియు, వలసరాజ్యముల నుండియు సుమారు ఎనిమిది లక్షల పౌనులు వచ్చినవి. మద్రాసులో పత్రికాసంపాదకుడుగా నుండిన విలియం డిగ్బీ ఆ నిధి కార్యదర్శిగా పనిచేసెను. నూటయిరువది వఱకు స్థానిక సంఘముల మూలమున రొక్కము పల్లెలకు చేరెను. డిగ్బీ 1878లో ఆ కరవుచరిత్రను రెండు సంపుటములుగా వెలువరించెను.

ఈ నిధి ఆకలితీర్చు పని తనకు ముఖ్యముగా పెట్టుకొనలేదు. ఆ పని ప్రభుత్వముదని తలచి, 1877 శరత్కాలమున వానలు తిరిగిన పిమ్మట, తన సొమ్ములో ఎక్కువభాగమును రైతులను తిరిగి సేద్యమునకు నిలుపుటకే వినియోగించెను. విత్తనములకు, ఎద్దులకు, కూలిన ఇండ్లపై కప్పునకు రొక్కమిచ్చిరి. అప్పుగా కాదు, ఉచితముగా. ఇదియే, మేము ఎఱిగినంతలో, ఈ దత్తమండలముల రైతునకు పెద్దయెత్తున అందిన మొదటి ఉచితరొక్కము. దీనికి పూర్వము తక్కావి కలదు. 1800 నుండి 1807 వఱకు దత్తమండలములలో ప్రధాన కలెక్టరుగానున్న థామస్ మన్రో విత్తనములకు, ఎద్దులకు, బావులకు తక్కావి బయానాలిచ్చి పాడుపడిన పల్లెలను సాగులోనికి తెచ్చెను. కాని తక్కావి అప్పు. పంట వచ్చినను రాకున్నను శిస్తుతోపాటు దానిని తీర్చవలెను.

రొక్కమే ఏల? గింజలే పంచరాదా? ఇది ఆనాడును అడిగిరి, నేడును అడుగుచున్నారు. ఒక పల్లెలో పదిమంది నష్టపడిన రైతులున్నారనుకొందము. ఒకనికి జొన్నవిత్తనము కావలెను. ఒకనికి విత్తనమున్నది, ఒంటియెద్దు మిగిలినది, దానికి జత కావలెను. మఱొకనికి బావిలో నీరున్నది, కపిల బాన చినిగినది, మోకు తెగినది. ఇంకొకడు నాగలి కఱ్ఱును కూడ షావుకారునకు ఒప్పగించినవాడు. ఈ పదిమందికిని తలకొక బస్తా విత్తనము ఇచ్చినచో తొమ్మిదిమంది దానిని అమ్ముకొని తమకు కావలసినది కొందురు. ఆ అమ్మకములో నష్టము వారిది, లాభము కొట్టువానిది. రొక్కమే యైనచో ఆ నష్టము లేదు. ఎవని లోటు ఏదో వానికే తెలియును.

అయితే రొక్కమునకు ఒక షరతు కలదు. కొనుటకు అంగడిలో సరకుండవలెను. ధాత కరవున గిద్దలూరు, కంభము ప్రాంతములకు రైలు లేదు. బండ్లమీద ధాన్యము రావలెను. బండి లాగు ఎద్దులకే మేతలేదు. ఆ సమయమున చేతిలో రూపాయి ఉన్నను గింజ దొరకుట కష్టముగా నుండెను. సర్ రిచర్డు స్ట్రేచీ అధ్యక్షతన కూర్చున్న క్షామసంఘము 1880లో నివేదిక యిచ్చినది. దాని ఫలితముగా క్షామనియమావళులు పుట్టినవి. క్షామనివారణకని ప్రత్యేకముగా రైలుమార్గములు వేసిరి. బళ్ళారి కృష్ణా రైలుమార్గము అట్టిదే. నంద్యాల దాటి నల్లమల కనుమలలో ఎక్కి దిగి గిద్దలూరు, కంభము, మార్కాపురముల మీదుగా పోవు మీటరుగేజి దారి ఆ దశాబ్ది చివరి సంవత్సరములలో సిద్ధమైనది. నేడు ఆ దారిలో పోవు ప్రయాణికులకు అది కరవు పుట్టించిన దారియని తోచదు. ధాన్యము రెండు దినములలో వచ్చి దిగునట్టి ఊరిలో రొక్కమే ధాన్యము.

అదే క్షామసంఘము తక్కావిని కూడ శాసనముగా మార్చుటకు కారణమైనది. 1883లో భూమి అభివృద్ధి ఋణముల చట్టము, 1884లో వ్యవసాయదారుల ఋణముల చట్టము వచ్చినవి. మొదటిది బావికి, గట్టునకు. రెండవది విత్తనమునకు, ఎద్దులకు. మాటలలో మాన్షన్ హౌసు నిధి చేసిన పనియే. కాని ఉచితము పోయి అప్పు మిగిలినది. పట్టా కావలెను, జామీను కావలెను, కరణముగారి వ్రాతయు తాలూకా కచేరిలో దినముల నిరీక్షణయు కావలెను. తక్కావి పుచ్చుకొన్న రైతుకంటె షావుకారు కడకు పోయిన రైతు తొందరగా విత్తెనని పల్లెలలో అనుకొనెడివారు. షావుకారు వడ్డీ ఎక్కువ. కాని వాడు వానకు మునుపే ఇచ్చును. ఈ చిన్న సంగతిని ఏ ప్రభుత్వమును చాలకాలము గుర్తింపలేదు.

ఇరువదవ శతాబ్దిలో చాలభాగమును మేము త్వరగా దాటుదుము. 1950 తరువాతి రాయలసీమ కరవులలో గంజికేంద్రములు వెలసినవి, కరవుపనులు సాగినవి. పద్ధతి పాతదే, మనసు మాత్రము క్రొత్తది. ప్రజలను చావనీయరాదను పట్టుదల కలిగినది. 1972, 73 సంవత్సరములలో మహారాష్ట్రమున ఘోరమైన అనావృష్టి వచ్చినపుడు, ఒక దశలో సుమారు ఏబదిలక్షలమంది కరవుపనులలో రొక్కపుకూలి పుచ్చుకొనిరి. చేతిలో కూలి డబ్బులుండగా వర్తకులు ధాన్యమును ఆ పల్లెలకే తెచ్చిరి. అమర్త్యసేన్ 1981లో వెలువరించిన గ్రంథమున చెప్పినది ఇదియే. దేశములో ధాన్యము లేక జనము చచ్చుట కంటె, ఉన్న ధాన్యమును కొనుశక్తి లేక చచ్చుట ఎక్కువ. ధాత కరవు నాడు ఈ దేశపు గోధుమలు ఓడలెక్కి పోవుచునే యుండెనని ఎఱిగినవారికి ఈ మాట వింతగా తోచదు.

మన రాష్ట్రమున 1983లో రెండురూపాయలకు కిలో బియ్యపు పథకము వచ్చినది. దీనిని రొక్కపుసాయముతో పోల్చి చర్చించువారు పొరబడుచున్నారని మా అభిప్రాయము. ఇవి ఒకదానికొకటి పోటీ కాదు. చవుకబియ్యము ఇంటిలో ఉన్నందుననే రైతు చేతికి వచ్చిన రూపాయి కడుపునకు పోక చేనికి పోగలుగుచున్నది. క్రింద బియ్యము లేనిచో ఎంత రొక్కమైనను వంటింటిలోనే కరగును. 2006 ఫిబ్రవరి 2న అనంతపురము జిల్లా బండ్లపల్లెలో ప్రారంభమైన గ్రామీణ ఉపాధిహామీ పథకము మఱొక మార్పు తెచ్చినది. పని తన ఊరిలోనే దొరకినది, కూలి ఖాతాలో పడినది. ఇల్లు విడిచి దూరపు శిబిరమునకు నడువవలసిన అవసరము తగ్గినది.

ఇక నేటి పద్ధతి. అనావృష్టి మండలమని ప్రభుత్వము ప్రకటించిన పిమ్మట పంటనష్టమునకు పెట్టుబడి రాయితీ ఇత్తురు. 2015 వఱకు సగము పంట పోయినగాని ఈ సాయము లేదు. ఆ యేడు ఆ హద్దును నూటికి 33 వంతులకు దించిరి. 2022 నుండి అమలైన కేంద్రనియమముల ప్రకారము మెట్టపైరునకు హెక్టారునకు 8,500 రూపాయలు, రెండు హెక్టార్ల వఱకు. తర్లుపాడు ప్రాంతమున ఐదెకరముల కందిచేను గల కుటుంబమును ఊహింతము. కంది ఎండిపోయినచో వారికి సుమారు 17,000 రూపాయలు రావలెను. మొత్తము తక్కువకాదు. కాని అది ఎప్పుడు వచ్చును? పంట పోవలెను, పోయినదని లెక్కవ్రాయవలెను, మండలము పేరు జాబితాలో రావలెను, నిధులు విడుదల కావలెను. అంతలో ఆ కుటుంబము మిరపకాయలు కోయుటకు గుంటూరు ప్రాంతమునకో, కట్టడపు పనులకు హైదరాబాదు, బెంగుళూరులకో తరలిపోవును. ముసలివారును తాళము వేసిన తలుపును మిగులును. సాయము వచ్చిన దినమున దానిని పుచ్చుకొనువాడు ఊరిలో ఉండడు. ఖాతాలో పడిన సొమ్ము పాత అప్పునకు జమయగును.

ఇందుకు భిన్నమైనది పంటకు ముందే ఇచ్చు రొక్కము. తెలంగాణమున 2018 మే మాసములో రైతుబంధు మొదలైనది. ఎకరమునకు, పంటకు 4,000 రూపాయలు, తరువాత 5,000. కేంద్రప్రభుత్వము 2019 ఫిబ్రవరిలో ఏటికి 6,000 రూపాయలు మూడు విడతలుగా ఇచ్చుట ప్రారంభించినది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో కేంద్రపు సొమ్ముతో కలిపి ఏటికి 13,500 రూపాయలుగా రైతుభరోసా వచ్చినది. పిమ్మట 2025 ఆగష్టు 2న ఈ ప్రకాశము జిల్లాలోనే, దర్శి మండలపు తూర్పువీరాయపాలెమున, ఏటికి కేంద్రపు భాగముతో కలిపి 20,000 రూపాయలిచ్చు అన్నదాతా సుఖీభవ పథకము ప్రారంభమైనది. మొదటి విడత 7,000. ప్రభుత్వములు మాఱినపుడెల్ల పేరు మాఱినది, అంకె మాఱినది, పద్ధతి నిలిచినది. పేర్లను గూర్చి తగవులాడువారు తగవులాడుకొందురు గాక, పద్ధతి నిలుచుటయే రైతునకు లాభము.

ఈ ఇరువదివేలను పండ్రెండు నెలలకు పంచినచో నెలకు 1,700 రూపాయలకు లోపు. పట్టణపు గృహస్థునకు ఇది కరెంటుబిల్లు. మెట్టరైతుకో, విడతగా చేరినపుడు అది విత్తనపుసంచి, ట్రాక్టరు దున్నకపు కూలి, కలుపు కూలీలకు బయానా. ఎద్దుల స్థానమున ట్రాక్టరు వచ్చినది గనుక నేడు దుక్కికి కావలసినది పశువు కాదు, రొక్కమే. ఆ రొక్కము ఆగష్టులో చేత నున్నచో రైతు కొట్టువానికడ అరువు పెట్టడు. అరువు పెట్టనివాడు తన కందులను తనకు నచ్చినచోట అమ్ముకొనును. అరువు పెట్టినవాడు కొట్టువాడు చెప్పిన ధరకు అమ్మవలెను. ఏడువేల రూపాయల వెలను ఏడువేలుగా మాత్రమే లెక్కించువారు ఈ రెండవ లాభమును చూచుటలేదు. అట్లే ఆగష్టు రూపాయియు, ఫిబ్రవరి రూపాయియు ఒకటి కావు. గేదెను అమ్మకముందు వచ్చిన రూపాయి గేదెను నిలుపును. అమ్మిన పిమ్మట వచ్చినచో ఆ రూపాయికి మూడింతలున్నను ఆ గేదె రాదు.

ఉచితముగా ఇచ్చిన సొమ్ము త్రాగుడునకు పోవునని ఒక వాదము కలదు. ధాత కరవునాటి అధికారులును ఇట్టి మాటలే వ్రాసిరి. పేదవాని చేతికి రూపాయి ఇచ్చినచో వాడు సోమరియగునని వారి భయము. ఈ భయమును పరీక్షించి చూచినవారున్నారు. 2011, 12 సంవత్సరములలో మధ్యప్రదేశమున సేవా అను స్త్రీశ్రామిక సంఘము యూనిసెఫ్ సాయముతో ఎనిమిది గ్రామములలో ఇంటింట ప్రతివారికిని, ఏ షరతును లేక, నెలనెల రొక్కమిచ్చినది. మొదట పెద్దలకు 200, పిల్లలకు 100. తరువాత 300, 150. సొమ్ము అందని గ్రామములతో పోల్చి చూచిరి. త్రాగుడు పెరుగలేదు. విత్తనములు, ఎఱువులు, పశువులు కొనుట పెరిగినది. కూలికి పోవుచుండిన చిన్నరైతులు కొందఱు ఆ దినములను తమ చేలలోనే గడపిరి. సోమరులగుట మాట అటుండగా, ఇంతకాలము పెట్టుబడి లేక చేయలేకున్న తమ పనినే వారు చేసికొనిరి. స్త్రీల పేర విడిగా ఖాతాలు తెఱచుటయు ఈ ఫలితమునకు కొంత కారణమని మేము నమ్ముదుము. మన పథకములలో సొమ్ము పట్టాదారు ఖాతాకే చేరును. పట్టా ఎక్కువగా మగవాని పేరనే ఉండును.

రొక్కము చేయలేని పనులును కలవు. అది వానను తేలేదు. కనిగిరి, మార్కాపురము ప్రాంతపు నీటిలోని ఫ్లోరైడును తీయలేదు. లోతుగా, ఇంకను లోతుగా బోరు వేయు జూదమునకు కొందఱు ఆ సొమ్మునే ఒడ్డుట కూడ కలదు. పొరుగువాని బోరు ఎండినకొలది వీని ఆశ పెరుగుట విచిత్రము. శ్రీశైలపు వరదనీటిని నల్లమల క్రిందుగా తెచ్చు వెలిగొండ ప్రాజెక్టునకు 1996లో శంకుస్థాపన జరిగినది. రెండు సొరంగములలో ఒకటి 2021లో, రెండవది 2024లో త్రవ్వుట ముగిసినది. శంకుస్థాపననాడు పుట్టిన బిడ్డ రెండవ సొరంగము తెగునాటికి ఇరువదియెనిమిదేండ్లవాడు. నీరు చేనికి చేరువఱకు ప్రతి యేటి అనావృష్టిని ఆ కుటుంబము చేతిలోనున్న దానితోనే దాటవలెను. రొక్కపుసాయము నీటికి మాఱు కాదు. నీటికొఱకు కాచియుండగలుగుటకు ఆధారము.

మాకు అన్నిటికంటె బరువుగా తోచు ప్రశ్న ఒకటి మిగిలినది. రైతు అనగా ఎవరు? 1878లో మాన్షన్ హౌసు రూపాయి పల్లెకు వచ్చినపుడు గ్రామములో ఎవరు రైతో చెప్పవలసినవారు కరణము, రెడ్డి. పట్టా గలవాడు వారి కంటికి ముందు కనబడును. పాలునకు చేసినవాడు, గుత్తకు చేసినవాడు ఆ లెక్కలో వెనుకబడుట సహజము. నేడు కరణము లేడు, కంప్యూటరున్నది. కాని కంప్యూటరు చదువునది కూడ పట్టానే. కేంద్రపు ఆఱువేలు భూమి గలవారికి మాత్రమే. తెలంగాణపు రైతుబంధులో కౌలుదారునకు చోటు లేకుండెను; ఎకరమునకింతయని ఇచ్చుటచేత ఎక్కువ భూమి గలవానికే ఎక్కువ చేరినది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 రైతుభరోసా షెడ్యూల్డు కులములు, తెగలు, వెనుకబడిన తరగతులు, మైనారిటీలకు చెందిన భూమిలేని కౌలుదారులను చేర్చినది. అది మంచి అడుగు. అదే సంవత్సరమున వచ్చిన పంటసాగుదారుల హక్కుల చట్టము ప్రకారము కౌలుదారునకు పదునొకండు నెలల కార్డు ఇత్తురు. ఆ కార్డునకు భూయజమాని సంతకము కావలెను.

యజమాని ఎందులకు సంతకము చేయును? చేసినచో తన భూమిపై వానికి హక్కు వచ్చునేమోయని వాని భయము. ఆ భయము చట్టము తీర్చినదని అధికారులు చెప్పుదురు. ఊరి రచ్చబండకడ ఎవరును నమ్మరు. కొన్నిచోట్ల పట్టాదారు ఎప్పుడో ఊరువిడిచి ఒంగోలులోనో, హైదరాబాదులోనో స్థిరపడియుండును. సొమ్ము అతని ఖాతాలో పడును. ఎండిన కంది చేనిలో నిలిచినవాడు వేఱొకడు. కౌలు ముందుగానే చెల్లించి, విత్తనములకు అరువుపెట్టి, వాన తప్పినపుడు గేదెను సంతకు తోలుకొనిపోవు మనిషి అతడే. 1877లో ఎద్దులమ్ముకొన్న రైతునకును అతనికిని నడుమ నూటయేబది ఏండ్లున్నవి. ఖరీఫు ఆరంభమున కార్డుకొఱకు దరఖాస్తు పెట్టుటకు అతడు పోవలసినది తన గ్రామపు రైతుసేవాకేంద్రమునకు. కాని దానికంటె ముందు పోవలసినది పట్టాదారు ఇంటికి.